బ్రూనో గిన్నెలో పచ్చిమాంసం

తమ్ముడు: నువ్వు పశువుల డాక్టరువి, నాకంటే నీకే ఎక్కువ తెలుసు. అయినా ఈ ఒక్క విషయంలో నా కళ్లతో నేను చూసింది చెబుతాను, విను అక్కా. 2024 దసరా వెళ్లాక బ్రూనోకి ప్యాకెట్ తిండి మాన్పించి పచ్చిమాంసం మొదలుపెట్టాను. అంతకుముందు దాని అవస్థ నీకు తెలుసు. చెవులు ఎప్పుడూ ఎర్రగా, లోపల పులిసిన పిండి వాసన. పంజాలు నాకీ నాకీ వేళ్ల సందుల్లో వెంట్రుకలు తుప్పు రంగుకు తిరిగాయి. అర్ధరాత్రి లేచి సోఫా అంచుకు వీపు రుద్దుకునేది. మాత్రలు వేసినన్నాళ్లూ బాగుండేది, ఆపిన పదో రోజుకు మళ్లీ మొదలు. ఇప్పుడు ఒళ్లంతా నిగనిగలాడుతోంది. పళ్ల మీద గార పోయింది. విరేచనం మునుపటి దాంట్లో సగం, గట్టిగా, పెద్దగా వాసన లేకుండా అవుతోంది. నన్ను తప్పు పట్టే ముందు ఈ కుక్కను చూడు.

అక్క: చూశానురా. పొద్దున చెవి తిప్పి లోపల వేలు పెట్టి మరీ చూశాను. శుభ్రంగా ఉంది. దవడ పళ్లు మూడేళ్ల కుక్క పళ్లలా ఉన్నాయి, దానికి ఆరేళ్లు. కళ్లముందున్నదాన్ని కాదంటే అది వైద్యం కాదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. అది బాగుపడింది మాంసం పచ్చిగా ఉన్నందుకేనని ఎలా చెబుతున్నావు? ముందు నువ్వేం పెట్టేవాడివో నాకు గుర్తుంది. ప్యాకెట్ గుళికలు, వాటి మీద పాలు, సాయంత్రం బిస్కెట్లు, రాత్రి మిగిలితే పెరుగన్నం. కుక్కల ఒంటికి పడని తిండిలో ఎక్కువగా కనిపించేవి గొడ్డుమాంసం, పాలు, కోడి, గోధుమ. నువ్వు పాలూ గోధుమా ఒకేసారి ఆపేశావు. పైగా చేపనూనె మొదలుపెట్టావు. చలికాలం వచ్చి పిడుదులు తగ్గాయి. ఇన్ని మారాయి. పేరంతా పచ్చిమాంసానికే ఇస్తున్నావు.

తమ్ముడు: చలికాలం మాట ఒప్పుకోను. ఆ తర్వాత ఎండలు వచ్చాయి, వానలు వచ్చాయి, పిడుదులూ వచ్చాయి. దురద మాత్రం రాలేదు. పాలు, గోధుమ సంగతి నిజమే కావచ్చు. కానీ నా దగ్గరున్నది ఒక్క కుక్క. ఒక్కొక్కటీ విడదీసి పరీక్ష పెట్టేంత ఓపిక దాని దురదకు లేదు. అలాంటి పని పెద్దఎత్తున చేసినవాళ్లు ఉన్నారు. ఫిన్లాండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయం వాళ్లు వేల కుక్కల వివరాలు యజమానులను అడిగి రాసుకున్నారు. కూనగా ఉన్నప్పుడు పచ్చిమాంసం తిన్నవాటికి పెద్దయ్యాక తీరని పేగు జబ్బులు తక్కువనీ, గుళికల మీద పెరిగినవాటికి ఎక్కువనీ 2023లో ప్రచురించారు. చర్మం అలర్జీల మీదా అలాంటి ఫలితమే వచ్చింది.

అక్క: ఆ పరిశోధనలోనే ఇంకో మాట ఉంది. మనుషుల తిండిలో మిగిలింది తిని పెరిగిన కూనలకూ అలాంటి మేలే కనిపించింది. అది వండిన తిండే కదా. అంటే మేలు పచ్చిదనంలో ఉందో, ఫ్యాక్టరీ గుళికలకు దూరంగా ఉండటంలో ఉందో ఆ లెక్కలు తేల్చలేదు. పైగా అవి యజమానులు గుర్తు తెచ్చుకుని చెప్పిన జవాబులు. కుక్క కోసం ఇంత శ్రద్ధగా మాంసం తూచి పెట్టేవాడు దాన్ని ఎక్కువ నడిపిస్తాడు, ఎక్కువ గమనిస్తాడు. ఆ శ్రద్ధ చేసిన మేలెంతో, మాంసం చేసిన మేలెంతో ఎవరు విడదీస్తారు?

తమ్ముడు: పొగాకు విషయంలోనూ మొదట మనుషులను అడిగి రాసుకున్న లెక్కలే కదా వచ్చాయి. వాటిని కొట్టిపారేసినవాళ్లదే తప్పని తర్వాత తేలింది. ఇక్కడ ఇంకా పెద్ద పరీక్ష జరగలేదంటావు. ఎవరు చేస్తారు? ఎవరు డబ్బు పెడతారు? చికెన్ కొట్టువాడు పెట్టలేడు. పెట్టగలిగింది ప్యాకెట్ కంపెనీలు, వాళ్లకు ఆ అవసరం లేదు. మీ క్లినిక్కుల గోడల మీద ఎవరి పోస్టర్లు ఉంటాయో చెప్పు.

అక్క: ఆ నింద పడతాను. మా కాలేజీలో మేత పాఠాలంటే ఆవు, గేదె, గొర్రె, కోడి. కుక్క ఏం తినాలో చెప్పింది నాలుగైదు క్లాసులు. ఆ ఖాళీలో కంపెనీల పుస్తకాలు వచ్చి కూర్చున్నాయి. చాలామంది డాక్టర్లు ఆలోచించకుండానే ప్యాకెట్ చేతిలో పెట్టి పంపిస్తారు. నేనూ పంపించాను. కానీ పచ్చిమాంసం వద్దని చెప్పడానికి నాకు కంపెనీ మాటతో పని లేదు. అమెరికా పశువైద్యుల సంఘం 2012లోనే పచ్చి మాంసాహారం కుక్కలకూ పిల్లులకూ పెట్టొద్దంది. ఎందుకు అందో దాని వెనకున్న పరీక్షలు చూసి నాకు నేనుగా వచ్చిన మాట ఇది.

తమ్ముడు: ప్యాకెట్లో ఏముందో మాత్రం ఎవరూ అడగరు. 2007లో అమెరికాలో ఏం జరిగిందో నీకు తెలుసు. గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ కలిపితే, అది తిన్న కుక్కలు, పిల్లులు కిడ్నీలు చెడి చచ్చాయి. 2020 చివర్లో మొక్కజొన్నకు పట్టిన బూజు విషం, అదే అఫ్లటాక్సిన్, ప్యాకెట్ తిండిలోకి వచ్చి ఎన్నో కుక్కలు చచ్చాయి. ఇవన్నీ ముద్రలేసి, విటమిన్ల జాబితా రాసి అమ్మిన సంచులే. నేను కొనే కోడి మెడ కోడి మెడలాగే ఉంటుంది. కందనకాయ కందనకాయే. కళ్లతో చూస్తాను, చేత్తో పట్టుకుంటాను, వాసన చూస్తాను. కుక్క మనతో కనీసం 15 వేల ఏళ్లుగా ఉంది. జేమ్స్ స్ప్రాట్ లండన్లో కుక్క బిస్కెట్లు అమ్మడం మొదలెట్టింది 1860లలో. ఇప్పుడు మనం చూసే ఉబ్బిన గుళికలు 1950లలో వచ్చాయి. అంతకుముందు కుక్క ఏం తింది?

అక్క: మాంసం మాత్రమే తినలేదు. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు కుక్క జన్యువులనూ తోడేలు జన్యువులనూ పక్కపక్కన పెట్టి చూశారు. పిండిపదార్థం అరిగించే జన్యువు తోడేలులో రెండు ప్రతులుంటే, కుక్కలో నాలుగు మొదలు ముప్పై దాకా ఉన్నాయి. మన పొయ్యి దగ్గర కూర్చుని, మనం పారేసింది తిని, దాని ఒళ్లే మారింది. అంతదూరం ఎందుకు, తాతగారి ఊళ్లో మన కుక్క కర్రోడు ఏం తిన్నాడు? పొద్దున గంజి, మధ్యాహ్నం రాగిసంకటి ముద్ద, రాత్రి ఎండిన జొన్నరొట్టె.

తమ్ముడు: ఆదివారం పొట్టేలు కోసిన చోట ఏం తిన్నాడో అదీ చెప్పు. చింతచెట్టు కింద కత్తి నూరుతున్న చప్పుడు వినపడగానే ఊరవతల ఉన్నా వచ్చేసేవాడు. పచ్చి బొక్క విసిరితే గాల్లోనే అందుకునేవాడు. ముందుకాళ్లతో నేలకు నొక్కిపట్టి, కళ్లు మూసుకుని, గంటసేపు కొరికేవాడు. నువ్వే విసిరేదానివి. పదమూడేళ్లు బతికాడు. బ్రూనోకి మెడ ముక్క ఇచ్చినప్పుడు అదే చూస్తున్నాను. ప్యాకెట్ గుళికలను రెండు నిమిషాల్లో మింగి గిన్నె నాకేసి, నా మొహం చూస్తూ కూర్చునేది. ఇప్పుడు తిన్నాక ఆవులించి పడుకుంటుంది. ఆ తేడా ఏ పట్టికలో రాస్తావు?

అక్క: ఏ పట్టికలోనూ రాయలేను. అది నిజం. కొరకడంలో కుక్కకు సుఖం ఉంది, దవడకూ పని ఉంది. బ్రెజిల్‌లో ఎనిమిది బీగిల్ కుక్కలకు పచ్చి గొడ్డు ఎముకలిచ్చి చూస్తే రెండు మూడు వారాల్లో పళ్ల గార చాలావరకు పోయింది. నువ్వు చెప్పిన పళ్ల సంగతి అందుకే నమ్ముతున్నాను. మా క్లినిక్కులో మత్తిచ్చి గార గీకించుకోవడానికి వచ్చే కుక్కలెన్నో. అయితే అవే ఎముకల మీద పై దవడ పెద్ద పన్ను పలకలా చీలి వచ్చిన కుక్కలూ ఉన్నాయి. అడ్డం పడిన ముక్క తీయడానికి పొట్ట కోసిన రోజులూ ఉన్నాయి. వండిన ఎముక చీలికలై గుచ్చుకుంటుంది, పచ్చిది అంతగా గుచ్చుకోదు. అంతవరకు నువ్వు చదివిన పుస్తకాల్లో రాసింది సరే. అసలు గుచ్చుకోదని మాత్రం ఎవరూ మాటివ్వలేరు.

తమ్ముడు: అందుకే గట్టి తొడ ఎముకలు పెట్టను. కోడి మెడలు, కాళ్లు, రెక్కలు. అవి చేతితో విరిస్తే విరుగుతాయి. లెక్క లేకుండా పెడుతున్నానని కూడా అనుకోకు. బ్రూనో బరువు 28 కిలోలు. దాంట్లో రెండున్నర శాతం, రోజుకు 700 గ్రాములు. నూటికి ఎనభై పాళ్లు కండ, పది ఎముక, ఐదు కార్జం, ఐదు మిగతా లోపలి అవయవాలు. పది రోజులు పట్టింది పూర్తిగా మార్చడానికి. మొదట గుళికల్లో పావువంతు తీసి అంత మాంసం, తర్వాత సగం. తొందరపడలేదు.

అక్క: పెద్ద కుక్క కాబట్టి, ఎముక కలుపుతున్నావు కాబట్టి ఆ ఒక్క గండం దాటావు. బోన్‌లెస్ చికెన్ మాత్రమే పెట్టి పెంచిన లాబ్రడార్ కూన ఒకటి నా దగ్గరికి వచ్చింది. నాలుగు నెలలది. నడుస్తుంటే ముందుకాళ్లు వంకర పోతున్నాయి. ఎక్స్‌రేలో ఎముక పలచగా, గాజులా కనిపించింది. వంద గ్రాముల కోడి కండలో పదో పన్నెండో మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, ఫాస్ఫరస్ రెండు వందల దాకా ఉంటుంది. కుక్కకు కాల్షియం కనీసం ఫాస్ఫరస్‌తో సమానంగా ఉండాలి. తిండిలో దొరకనప్పుడు ఒళ్లు తన ఎముకల్లోంచే లాక్కుంటుంది. దాన్ని పెంచుతున్న ఇల్లాలు రోజూ ప్రేమగా, ఖరీదైన ముక్కలు ఏరి పెట్టింది. విషయం తెలిశాక నా ముందే ఏడ్చింది. ఎనభై, పది, ఐదు, ఐదు అన్న నీ లెక్క ఆ తప్పు కంటే చాలా మేలు. కానీ జింకు, మాంగనీసు, అయోడిన్, విటమిన్ ఇ, విటమిన్ డి దాంట్లో ఎక్కడున్నాయి? వాటి కొరత నెలల్లో కనిపించదు, ఏళ్లకు కనిపిస్తుంది.

తమ్ముడు: వండి పెట్టినా అదే కొరత ఉంటుంది. కాలిఫోర్నియాలో డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో కుక్కల కోసం రాసిన 200 ఇంటి వంటకాలను లెక్కకట్టారు. నూటికి 95 వంటకాల్లో కావలసిన పోషకం ఏదో ఒకటైనా తక్కువే. అందులో పశువైద్యులు రాసినవీ ఉన్నాయి. కాబట్టి కొరత పేరు చెప్పి పచ్చిదాన్ని మాత్రమే దోషిని చేయకు.

అక్క: చేయను. ఆ దోషం ఇంటి తిండి అంతటిదీ. దాన్ని సరిచేయడానికి దారి ఉంది కూడా. రక్తపరీక్ష చేయించి, కొలత రాయించుకుని, తక్కువైనవి కలుపుకోవచ్చు. సరిచేయలేనిది వేరే ఉంది, సూక్ష్మజీవి.

తమ్ముడు: కుక్క కడుపులో ఆమ్లం మన కంటే ఘాటు అక్కా. పేగు కూడా పొట్టి. మనల్ని పడగొట్టే సూక్ష్మజీవులు దాన్నేం చేయలేవు. చికెన్ కొట్ల ముందు వీధికుక్కలను చూడు, పారేసిన పేగులు తిని బతుకుతున్నాయి.

అక్క: ఎన్నేళ్లు బతుకుతున్నాయి? వాటి కడుపులో పురుగులెన్నో నాకు తెలుసు. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు మన ఆమ్లానికీ దాని ఆమ్లానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అయినా నువ్వన్న మాటలో నిజముంది, కుక్కకు సాల్మొనెల్లాతో జబ్బు చేయడం తక్కువ. నా భయమంతా అక్కడే. దానికేం కాదు, నీకు అనుమానం రాదు, కానీ అది మోస్తూ తిరుగుతుంది. కెనడాలో 16 కుక్కలకు సాల్మొనెల్లా ఉన్న పచ్చి తిండి పెట్టి చూశారు. ఏడు కుక్కల మలంలో ఆ సూక్ష్మజీవి వారం దాకా బయటికి వచ్చింది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2010, 2012 మధ్య పచ్చి పెంపుడు తిండి నమూనాలు 196 పరీక్షిస్తే 15 నమూనాల్లో సాల్మొనెల్లా, 32 నమూనాల్లో లిస్టీరియా దొరికాయి. అది ఫ్యాక్టరీలో తయారై, గడ్డకట్టించి పెట్టెల్లో వచ్చిన సరుకు. మన చికెన్ సెంటర్లో మొద్దు మీద కొట్టి, డ్రమ్ములో నీళ్లలో ముంచి తీసి, నల్ల కవర్లో వేసి, మే నెల ఎండలో బండి హ్యాండిల్‌కు తగిలించుకుని తెచ్చింది కాదు.

తమ్ముడు: ఆ చికెనే మనమూ తింటున్నాం. ఆదివారం వస్తే కిలోన్నర పచ్చికోడి అదే సింకులో కడుగుతాం, అదే గట్టు మీద ముక్కలు కోస్తాం. పచ్చిమాంసం మనింట్లోకి బ్రూనో కోసం కొత్తగా వచ్చింది కాదు. ప్యాకెట్ తిండితో రాలేదా మరి? 2012లో అమెరికాలో, కెనడాలో పొడి గుళికల వల్ల 49 మందికి సాల్మొనెల్లా సోకింది. వాళ్లలో పసిపిల్లలూ ఉన్నారు.

అక్క: సోకింది. పొడి తిండి ముట్టుకున్నా చేతులు కడుక్కోవాల్సిందే. కానీ నువ్వు తెచ్చిన కోడి కథ చివరిదాకా చూడు. మన ముక్క పొయ్యి మీదికి వెళుతుంది. మంట అంతా తుడిచేస్తుంది. బ్రూనో ముక్కకు మంట లేదు. అది నేల మీది గిన్నెలోకి వెళుతుంది, అక్కడినుంచి దాని నాలుకకు, మూతి చుట్టూ వెంట్రుకలకు, తిన్నాక అది రుద్దుకునే తివాచీకి. నిన్న సాయంత్రం అది తిన్న పావుగంటకు పాప దాని దగ్గరికి పాక్కుంటూ వెళ్లింది. అది పాప అరచేయి నాకింది. పాప ఆ చేయి నోట్లో పెట్టుకుంది. మీ ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

తమ్ముడు: గిన్నె వేడినీళ్లతో, సబ్బుతో కడుగుతాను. స్టీలు గిన్నె. తిన్నచోట ఫినాయిల్ వేసి తుడుస్తాను.

అక్క: నువ్వు కడుగుతావని నాకు తెలుసు. కెనడాలో గిన్నెలకు కావాలని సాల్మొనెల్లా అంటించి, సబ్బుతో రుద్దారు, బ్లీచింగ్‌లో నానబెట్టారు, యంత్రంలో కడిగారు. అయినా చాలా గిన్నెల్లో మిగిలే ఉంది. పోనీ గిన్నె శుభ్రమైందనుకో, దాని మూతి సబ్బుతో కడగవు కదా. ఆ సూక్ష్మజీవులు కూడా మామూలువి కావు. మన కోళ్ల ఫారాల్లో మందులు ఎలా వాడతారో నేను దగ్గరుండి చూశాను. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకోవాల్సిన కొలిస్టిన్‌ను కోళ్లకు మేతలో కలుపుతుంటే 2019లో కేంద్రం నిషేధించాల్సి వచ్చింది. ఆ మందులకు లొంగని సూక్ష్మజీవి పాప పేగులోకి వెళితే ఏ మందుతో తగ్గిస్తావు?

తమ్ముడు: నువ్వు పాప పేరెత్తగానే నా నోరు కట్టేస్తున్నావు. భయం చూపించి గెలవడం సులువు. అలా అయితే కుక్కనే పెంచకూడదు. ప్యాకెట్ తిండి తిన్న కుక్క మలంలోనూ సూక్ష్మజీవులుంటాయి. రేబిస్ భయం ఉంది, పురుగుల భయం ఉంది. అయినా పెంచుకుంటున్నాం. జాగ్రత్తపడతాం, టీకాలేయిస్తాం. పచ్చిమాంసానికీ అలాగే జాగ్రత్తపడతామంటే ఎందుకు వద్దంటావు?

అక్క: రేబిస్‌కు టీకా ఉంది. దీనికి లేదు. కానీ నువ్వన్నది ఆలోచించాల్సిన మాటే. నేను జాగ్రత్తలన్నీ పనికిరావనడం లేదు. నువ్వు పడుతున్న జాగ్రత్త ఎంతవరకో అడుగుతాను. ఆ ఐదు పాళ్ల కార్జం ఎక్కడిది?

తమ్ముడు: మామూలుగా కోడిది. ఆదివారం మాత్రం పొట్టేలు కార్జం. మాంసం కొట్టు ఆయన బ్రూనో కోసమని ఒక తునక పక్కన పెడతాడు.

అక్క: గడ్డకట్టించి పెడతావా?

తమ్ముడు: కోడి అంతా ఫ్రీజరులోదే. కార్జం మాత్రం తాజాది. తెచ్చిన గంటలోపే పెడతాను. దానికి అదంటే ప్రాణం.

అక్క: నేను పనిచేసేది గొర్రెల ఊళ్లలో. కార్జం కోస్తే లోపల నీళ్లబుడ్డలు కనిపించడం అక్కడ వింత కాదు. గోలీ అంత, నిమ్మకాయ అంత. కోసేవాడు ఆ ముక్క తీసి కుక్కకు విసిరేస్తాడు. ఆ బుడ్డలో ఉన్నది బద్దెపురుగు పిల్ల. కుక్క పేగులో అది పెద్దదవుతుంది. పెద్దదంటే అర సెంటీమీటరు. వేలకు వేలు ఉన్నా కుక్క చెంగుచెంగున గెంతుతూనే ఉంటుంది. ఆరేడు వారాలకు గుడ్లు మలంలో బయటికి వస్తాయి, వెంట్రుకలకు అంటుకుంటాయి, మన చేతికి, నోటికి వస్తాయి. మనిషి ఒంట్లో అది మళ్లీ బుడ్డ అవుతుంది, ఎక్కువగా కాలేయంలో, ఊపిరితిత్తుల్లో. పదేళ్లు పెరిగినా తెలియదు. డాక్టర్లు హైడాటిడ్ తిత్తి అంటారు. ఆపరేషన్ చేసి తీయాలి. మన దేశంలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించిన ప్రాంతాల్లో మనదీ ఒకటి.

తమ్ముడు: మూడు నెలలకోసారి పురుగుల మాత్ర వేస్తున్నాను.

అక్క: దీనికి మూడు నెలలు చాలదు. పచ్చి లోపలి అవయవాలు తినే కుక్కకు ప్రాజిక్వాంటెల్ ఉన్న మందు ఆరు వారాలకోసారి పడాలి. న్యూజిలాండ్ ఈ జబ్బును దాదాపు వదిలించుకుంది, 2002లో అలా ప్రకటించుకుంది. ఎలా వదిలించుకుంది? కుక్కలకు పచ్చి కార్జం, పచ్చి ఊపిరితిత్తులు పెట్టొద్దని చట్టం చేసి, కుక్కలన్నిటికీ మందు వేయించి. ఆ పని అక్కడివాళ్లు రెండు తరాలు చేశారు. కర్రోడికి ఆ బొక్కలు విసిరింది నేనేనన్నావు కదా, బొక్కలతో పాటు బుడ్డలున్న కార్జమూ విసిరాను. పశువైద్యం చదివాక ఆ సంగతి గుర్తొచ్చి చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. మనకేం కాలేదు. అది అదృష్టం, జాగ్రత్త కాదు.

తమ్ముడు: ఈ మాట నాకు తెలియదు. కార్జం రేపటినుంచి ఆపేస్తాను. కానీ అక్కా, పది రోజులు గడ్డకట్టిస్తే ఆ పురుగు చస్తుందా, చావదా?

అక్క: చస్తుంది. ఫ్రీజరు గట్టిగా పనిచేస్తూ, కరెంటు పోకుండా ఉంటే చస్తుంది. సాల్మొనెల్లా మాత్రం చావదు, నిద్రపోయి లేస్తుంది.

తమ్ముడు: సరే. కార్జం ఒక్కటే తప్పని తేలింది. దాన్ని పట్టుకుని మొత్తం మానేయమంటే ఒప్పుకోను. తప్పున్న చోట దిద్దుకుంటాను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చిందని తెలిసిన రోజే చికెన్ ఆపాను. మూడు వారాలు మేకమాంసం పెట్టాను, నెల జీతంలో ఎంత పోయిందో చూడలేదు. అంత కళ్లు మూసుకుని నేను చేయడం లేదు.

అక్క: ఆపి మంచిపని చేశావు. వార్త వచ్చే ముందు రోజు పెట్టింది మాత్రం ఏం చేస్తావు? కోళ్లు చస్తున్న వారానికో పది రోజులకో కదా పేపర్లో వస్తుంది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో 2024 డిసెంబరులో గడప దాటని ఇంటి పిల్లి ఒకటి పచ్చి టర్కీ కోడి తిండి తిని ఆ వైరస్‌తోనే చచ్చింది. తిండిలోని వైరస్, పిల్లిలోని వైరస్ ఒకటేనని పరీక్షలో తేలింది. కుక్కలకు పిల్లులంత ప్రమాదం లేదు, ఉన్నదాన్ని పెంచి చెప్పను. కానీ 2025 మార్చిలో మన పల్నాడులో ఒక పసిపాప ఆ జబ్బుతోనే పోయింది. ఇంట్లో కోడి కోస్తుంటే పచ్చి ముక్క నోట్లో పెట్టుకుందని ఇంటివాళ్లు చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు నాకు నీ వంటగది గుర్తొచ్చింది.

తమ్ముడు: ...నేను మొదలుపెట్టినప్పుడు పాప లేదు.

అక్క: అదేరా నేను అడగాలనుకున్నది. 2024 దసరాకి ఈ ఇంట్లో ఉన్నది మీరిద్దరూ, కుక్క. ముగ్గురూ ఆరోగ్యంగా ఉన్నారు. ఆ రోజు నువ్వు నన్ను అడిగుంటే కొలతలు చెప్పి, కార్జం ఆపించి, నీ ఇష్టమని వదిలేసేదాన్నేమో. ఇప్పుడు తొమ్మిది నెలల పాప నేల మీద పాకుతోంది. నాన్న ఇక్కడే ఉంటున్నారు. కీళ్లవాతానికి స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నారు. ఆయన ఒంట్లో జబ్బును తట్టుకునే శక్తిని ఆ మందులు కావాలనే తగ్గిస్తాయి. రోజూ బ్రూనో ఆయన మంచం పక్కనే పడుకుంటుంది. నాన్నకు చెప్పావా?

తమ్ముడు: ఫ్రీజరులో డబ్బాలు బ్రూనోవని తెలుసు. ఉడికించి పెడుతున్నాననుకుంటున్నారు.

అక్క: మరదలికి?

తమ్ముడు: తనకు తెలుసు. మొదట్లో వద్దంది. దురద తగ్గాక ఏమీ అనలేదు. కానీ నీకు ఒకటి చెప్పాలి. నువ్వు రెండు రోజులుండి వెళ్లిపోతావు. ఆ దురద రోజులు నేనొక్కణ్నే పడ్డాను. ఆరు నెలలపాటు రాత్రి రెండింటికి లేచి, అది తన చర్మం తానే కొరుక్కుంటుంటే తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నోరులేనిది. ఏ డాక్టరూ ఆపలేనిదాన్ని ఈ తిండి ఆపింది. ఎప్పుడో ఏదో జరగొచ్చని, కళ్లముందు జరిగిన మేలును వదులుకోమంటున్నావు.

అక్క: వదులుకోమనడం లేదు. ఆ మేలు దేనివల్లో తేల్చుకోమంటున్నాను. అదే కోడి, అదే 700 గ్రాములు, అదే చేపనూనె ఉంచు. పాలు వద్దు, గోధుమ వద్దు. మధ్యలో ఒక్క కుక్కరు పెట్టు. ఎముక తీసెయ్యి. బదులు గుడ్డు పెంకులు వేయించి మెత్తగా పొడి చెయ్యి, టీ చెంచాడు పొడిలో రెండు గ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. ఎంత వెయ్యాలో, మిగతా ఖనిజాలేం కలపాలో నేను రాసిస్తాను. ఉల్లి, వెల్లుల్లి, మసాలా ఏవీ పడకూడదు. ఎనిమిది వారాలు చూడు. దురద రాకపోతే మేలు చేసింది పచ్చిదనం కాదని తెలుస్తుంది.

తమ్ముడు: వస్తే?

అక్క: వస్తే నేను ఇన్నాళ్లూ కుక్కల యజమానులకు చెప్పిన మాట ఒకటి తిరగరాసుకోవాలి. తిరగరాసుకుంటాను.

తమ్ముడు: అప్పుడు మళ్లీ పచ్చిది పెట్టమంటావా?

అక్క: పాప నేల మీద పాకుతున్నన్నాళ్లూ, నాన్న ఆ మందుల మీద ఉన్నన్నాళ్లూ నా నోటితో పెట్టమని అనలేను.

తమ్ముడు: అంటే బ్రూనో ఆ దురదతో ఉండాల్సిందేనా? ఇంట్లో మిగతావాళ్ల కోసం అది రాత్రుళ్లు రక్తాలు కారేలా గోక్కోవాలా? నువ్వు దాని డాక్టరువి కూడా కదా.

అక్క: ఆ ప్రశ్నకు నా దగ్గర మందు చీటీ లేదురా. అలాంటి రోజు వస్తే నాకు ఫోన్ చెయ్యి, ఇద్దరం కూర్చుని చూద్దాం.

తమ్ముడు: ఎనిమిది వారాలు వండి పెడతాను. మెడ ముక్క కొరకనివ్వకుండా ఉండటం నాకూ దానికీ కష్టమే. తర్వాత సంగతికి మాత్రం ఇప్పుడు మాటివ్వలేను.

అక్క: ఇవ్వకు. ఒక్కదానికి మాత్రం మాటివ్వు. ఈ రాత్రికే నాన్నకు ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఇకముందు నువ్వు పచ్చిది పెట్టినా, మానినా, పాపకు విరేచనాలైనా, నాన్నకు జ్వరం వచ్చినా, డాక్టరు అడిగేదాకా ఆగకుండా ఇంట్లో కుక్కకు పచ్చిమాంసం పెట్టామని చెప్పు. చెబితే మలపరీక్షలో సాల్మొనెల్లాను వెతుకుతారు. చెప్పకపోతే ఎవరికీ ఆ ఆలోచనే రాదు.